వణికే హ్యాండిల్‌కు డ్యాంపర్ ఒక్కటే మందా?

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలపై వెళ్తున్నవారే. అంటే ప్రతి వంద మరణాల్లో 44కు పైగా. అతివేగం గురించి, హెల్మెట్ పెట్టుకోకపోవడం గురించి ఎప్పుడూ చర్చ జరుగుతూనే ఉంటుంది, జరగాలి కూడా. కానీ షోరూమ్ నుంచి బయటికొచ్చాక బండికి ఏమేం తగిలిస్తున్నారు, అవి దాని నడకను ఎలా మారుస్తున్నాయి అన్నది పెద్దగా ఎవరూ అడగని ప్రశ్న.

స్పోర్ట్స్ బైకుల విషయంలో ఈ ప్రశ్న మరింత ముఖ్యం. ఒకప్పుడు రేసు ట్రాకులకే పరిమితమైన భాగాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో నాలుగు రోజుల్లో ఇంటికొస్తున్నాయి. స్టీరింగ్ డ్యాంపర్, బార్ ఎండ్ బరువులు, మొబైల్ హోల్డర్, అదనపు ఎల్‌ఈడీ లైట్లు, పెద్ద విండ్ స్క్రీన్, వెనక టాప్ బాక్స్ వంటివి 150 సీసీ బండి నుంచి 1000 సీసీ బండి దాకా అన్నింటికీ దొరుకుతున్నాయి. వీటిలో స్టీరింగ్ డ్యాంపర్ స్థానం వేరు. దాన్ని అందం కోసం కాక భద్రత కోసం అమ్ముతారు, కొనేవారూ అలాగే కొంటారు. నిజానికి అది మంచి పరికరమే. అయితే ఏ జబ్బుకో తెలుసుకోకుండా వేసిన మందులా, కారణం వెతక్కుండా బిగించిన డ్యాంపర్ బండిలోని అసలు లోపాన్ని కప్పిపెడుతుంది. దాని పనితనం ఎంతో చెప్పే ఒక్క అంకె కూడా పెట్టెపై లేకుండా అమ్ముడుపోవడం మరో సమస్య. ఈ రెండింటినీ సరిదిద్దాల్సిన సమయం వచ్చింది.

హ్యాండిల్ ఎందుకు ఊగుతుంది?

మోటార్‌సైకిల్ ముందు ఫోర్కులు నిట్టనిలువుగా ఉండవు. స్పోర్ట్స్ బైకుల్లో స్టీరింగ్ అక్షం నిలువు నుంచి సుమారు 24 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. ఆ అక్షాన్ని నేల దాకా పొడిగిస్తే, టైరు నేలను తాకే చోటుకు దాదాపు 100 మిల్లీమీటర్లు ముందు అది నేలను తాకుతుంది. ఈ దూరాన్నే ‘ట్రెయిల్’ అంటారు. ఆఫీసు కుర్చీ చక్రాలు కుర్చీని తోసిన దిక్కుకు వాటంతట అవే తిరిగినట్టు, ట్రెయిల్ వల్ల ముందు చక్రం ప్రయాణించే దిశకు తనంతట తానే సర్దుకుంటుంది. హ్యాండిల్‌ను కాస్త పక్కకు తిప్పి వదిలితే తిరిగి మధ్యకు వచ్చేది ఇందువల్లే.

మధ్యకు తెచ్చే బలం ఒకటి, కదలికను కొనసాగించే జడత్వం ఒకటి ఉంటే అక్కడ డోలకం తయారైనట్టే. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో స్ప్రింగుకు వేలాడే బరువు గురించి చదివినవారికి ఇది కొత్త కాదు. ముందు చక్రం, ఫోర్కులు, హ్యాండిల్ కలిసి ఒక బరువు. ట్రెయిల్ వల్ల పుట్టే టార్క్ ఒక స్ప్రింగు. అయితే బండిలో ఇంకో చిక్కు కూడా ఉంది. చక్రం పక్కకు తిరిగిన క్షణంలోనే టైరు నుంచి పక్క బలం పూర్తిగా పుట్టదు. టైరు కొంత దూరం దొర్లాకే అది పూర్తి స్థాయికి చేరుతుంది. ఆలస్యంగా వచ్చే ఈ బలం ఊగే హ్యాండిల్‌ను ఆపడానికి బదులు, కొన్ని వేగాల దగ్గర ఇంకాస్త ఊపుతుంది. ఉయ్యాలను సరైన సమయంలో తోస్తే ఊపు పెరిగినట్టే ఇదీ.

బ్రిటన్ ఇంజనీరు రాబిన్ షార్ప్ 1971లో ప్రచురించిన పరిశోధన పత్రం ఈ విషయాన్ని గణితపరంగా స్పష్టం చేసింది. టైరు ఆలస్యాన్ని కూడా లెక్కలోకి తీసుకుని ఆయన మోటార్‌సైకిల్ అస్థిరతలో మూడు రకాలను గుర్తించారు. మొదటిది బండి నెమ్మదిగా ఒక పక్కకు ఒరిగిపోవడం. రెండోది ‘వీవ్’. ఇందులో మొత్తం బండి పాములా పక్కలకు ఊగుతుంది, సెకనుకు రెండు మూడు సార్లు. మూడోది ‘వాబుల్’. ఇందులో ముందు భాగం మాత్రమే స్టీరింగ్ అక్షం చుట్టూ వేగంగా వణుకుతుంది, సెకనుకు 6 నుంచి 9 సార్ల వరకు. వాబుల్ ముదిరి హ్యాండిల్ రెండు పక్కలా ట్యాంకును కొట్టే స్థితినే రైడర్లు ‘ట్యాంక్ స్లాపర్’ అంటారు.

సెకనుకు 8 సార్లు ఊగే హ్యాండిల్ ఒక ఊపు పూర్తి చేయడానికి పట్టే సమయం 0.125 సెకను. మనిషి ఏదైనా గమనించి చేత్తో స్పందించడానికి 0.2 సెకను పైనే పడుతుంది. అంటే రైడర్ ఎడమకు తిప్పి సరిచేద్దాం అనుకునేసరికి హ్యాండిల్ కుడికి వెళ్లి మళ్లీ ఎడమకు వస్తుంటుంది. సరిచేయబోయిన చెయ్యే ఊపును పెంచవచ్చు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఈ ఒక్క ఊపులో బండి దాదాపు మూడున్నర మీటర్లు ముందుకు పోతుంది. అందుకే ఇలాంటప్పుడు హ్యాండిల్‌తో కుస్తీ పట్టకుండా, మోకాళ్లతో ట్యాంకును పట్టుకుని, చేతులు వదులుగా ఉంచి, యాక్సిలరేటర్‌ను మెల్లగా తగ్గించమని శిక్షకులు చెబుతారు. మనిషి స్పందించలేని వేగంలో పనిచేసే సాధనం ఒకటి కావాలి. ఆ అవసరం నుంచే డ్యాంపర్ పుట్టింది.

డ్యాంపర్ ఏం చేస్తుంది, ఏం చేయదు?

ఆఫీసు తలుపుల పైన బిగించే డోర్ క్లోజర్‌లో నూనె ఉంటుంది. తలుపును మెల్లగా తోస్తే సులువుగా కదులుతుంది, విసురుగా తోస్తే ఎదురు తిరుగుతుంది. స్టీరింగ్ డ్యాంపర్ సూత్రమూ అదే. ఒక కొస ఫ్రేముకు, ఇంకో కొస ఫోర్కుకు లేదా ఫోర్కును పట్టుకునే క్లాంపుకు బిగిస్తారు. హ్యాండిల్ తిరిగినప్పుడు లోపలి పిస్టన్ నూనెను సన్నని రంధ్రం గుండా తోస్తుంది. హ్యాండిల్ ఎంత వేగంగా తిరిగితే నిరోధం అంత ఎక్కువ. ఊపులోని శక్తి నూనెలో వేడిగా మారిపోతుంది. పిస్టన్ తిన్నగా కదిలే పొడవాటి రకం ఒకటి, రెక్క గుండ్రంగా తిరిగే రోటరీ రకం ఇంకొకటి.

డ్యాంపర్‌లో స్ప్రింగు ఉండదన్నది ఇక్కడ గమనించాల్సిన సంగతి. అది హ్యాండిల్‌ను మధ్యకు తీసుకురాదు. రోడ్డు పట్టును పెంచదు. బ్రేకులకు ఏ సాయమూ చేయదు. త్వరణంలో ముందు చక్రం తేలికై, గతుకు మీద కాస్త వంకరగా నేలను తాకినప్పుడు పుట్టే వణుకును ఒకటి రెండు ఊపుల్లో అణచివేయడమే దాని పని.

ఈ మేలు ఉచితంగా రాదు. డ్యాంపర్ బిగువును పెంచేకొద్దీ వాబుల్ తగ్గుతుంది గానీ, అధిక వేగంలో వీవ్ అణగడం కష్టమవుతుందని 1971 నాటి షార్ప్ విశ్లేషణే చూపింది. మోటార్‌సైకిల్ తన సమతౌల్యాన్ని చిన్న చిన్న స్టీరింగ్ కదలికలతోనే కాపాడుకుంటుంది. ఆ కదలికలను మరీ బిగిస్తే బండి తనను తాను సరిదిద్దుకోవడం ఆలస్యమవుతుంది. ఇక నగరం ట్రాఫిక్‌లో నడక వేగంతో వెళ్లేటప్పుడు బిగువైన డ్యాంపర్ హ్యాండిల్‌ను బరువెక్కించి బండిని పడేసే పరిస్థితి తెస్తుంది. కాబట్టి ‘ఎంత బిగిస్తే అంత భద్రం’ అనేది శాస్త్రపరంగా తప్పు.

ఈ చిక్కుకు తయారీ సంస్థలు వెతికిన పరిష్కారం వేగాన్ని బట్టి మారే డ్యాంపర్. 2004లో హోండా సీబీఆర్ 1000 ఆర్‌ఆర్ బండితో వచ్చిన ఎలక్ట్రానిక్ డ్యాంపర్ తక్కువ వేగంలో వదులుగా ఉండి, వేగం, త్వరణం పెరిగినప్పుడు కవాటాన్ని మూసి బిగువవుతుంది. ఇంకో దారిని బ్రిటన్ పరిశోధకులు చూపారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన మాల్కమ్ స్మిత్ 2002లో ప్రతిపాదించిన ‘ఇనర్టర్’ అనే సాధనం వేగానికి కాక త్వరణానికి స్పందిస్తుంది. దీన్ని డ్యాంపర్‌తో కలిపి వాడితే వాబుల్, వీవ్ రెండింటినీ ఒకేసారి మెరుగుపరిచే వీలుందని 2006లో వెలువడిన పరిశోధన చూపింది. ఒక్క డ్యాంపర్‌తో రెండు రకాల అస్థిరతలకూ పూర్తి జవాబు దొరకదని ఈ ప్రయత్నాలే చెబుతున్నాయి.

డ్యాంపర్ నిజంగా అవసరమైన సందర్భాలూ చరిత్రలో ఉన్నాయి. 1997లో మార్కెట్లోకి వచ్చిన సుజుకీ టీఎల్ 1000 ఎస్ బండ్లలో హ్యాండిల్ వణుకు గురించి ఫిర్యాదులు రావడంతో, సంస్థ వాటిని వెనక్కి పిలిపించి స్టీరింగ్ డ్యాంపర్ బిగించింది. తేలికైన ఫ్రేము, శక్తిమంతమైన ఇంజిన్, నిటారుకు దగ్గరగా ఉన్న ఫోర్కులు ఒక్కచోట చేరినప్పుడు ఈ పరికరం విలాసం కాదు. నేడు లీటరు తరగతి సూపర్ బైకులు చాలావరకు ఫ్యాక్టరీ నుంచే దానితో వస్తున్నది అందుకే.

ముందు కోన్ సెట్, తర్వాతే డ్యాంపర్

భారత రోడ్లపై తిరిగే స్పోర్ట్స్ బైకుల్లో అధిక భాగం లీటరు తరగతివి కావు. 150 నుంచి 400 సీసీ మధ్య ఉండే ఈ బండ్లను సంస్థలు సాధారణంగా డ్యాంపర్ అవసరం లేకుండానే స్థిరంగా నడిచేలా రూపొందించి, పరీక్షించి అమ్ముతాయి. అలాంటి బండి కొత్తగా ఉన్నప్పుడు వణక్కుండా, రెండేళ్ల తర్వాత వణకడం మొదలుపెడితే, మారింది డిజైన్ కాదు. ఏదో అరిగింది, లేదా వదులైంది, లేదా ఎవరో ఏదో మార్చారు.

మొదటి అనుమానం హ్యాండిల్ కోన్ సెట్ మీద పడాలి. గతుకుల రోడ్ల మీద తిరిగి తిరిగి బేరింగు బాల్స్ కూర్చునే దారిలో గుంటలు పడతాయి. ముందు చక్రాన్ని నేల నుంచి లేపి హ్యాండిల్‌ను మెల్లగా తిప్పితే మధ్యలో టక్కున ఆగినట్టు అనిపిస్తుంది. వదులైన కోన్ సెట్ ఉంటే ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపినప్పుడు టకటక చప్పుడు వస్తుంది. తర్వాత చూడాల్సినవి టైరు గాలి, టైరు అరుగుదల తీరు, వీల్ బ్యాలెన్స్, రిమ్ వంకర, స్వింగ్‌ఆర్మ్ బుష్‌లు, చైను సర్దినప్పుడు వెనక చక్రం తిన్నగా కూర్చుందా లేదా అన్నది. గాలి తగ్గిన ముందు టైరు ఒక్కటే హ్యాండిల్ వణుకుకు చాలు. దాన్ని సరిచేయడానికి అయ్యే ఖర్చు దాదాపు సున్నా.

ఈ లోపాలున్న బండికి డ్యాంపర్ బిగిస్తే ఏమవుతుంది? వణుకు తగ్గుతుంది. రైడర్‌కు ధైర్యం వస్తుంది. వేగం పెరుగుతుంది. కోన్ సెట్ మాత్రం అరుగుతూనే ఉంటుంది. వణుకు అన్నది బండి ఇచ్చే హెచ్చరిక. జ్వరం బిళ్ల వేసుకుని పనిలోకి వెళ్లిన మనిషికి ఒంట్లోని ఇన్ఫెక్షన్ తగ్గనట్టే, డ్యాంపర్ వేసుకున్న బండిలో లోపం తగ్గదు. అది బయటపడే సరికి ఆలస్యం కావచ్చు.

ఎత్తు మార్పులూ ఈ జాబితాలో చేరాలి. బండి ముందు భాగం కిందికి ఉంటే రేసు బండిలా కనిపిస్తుందని ఫోర్కు గొట్టాలను క్లాంపులో పైకి జరిపేవారున్నారు. 1400 మిల్లీమీటర్ల వీల్‌బేస్ ఉన్న బండిలో ముందు భాగాన్ని 10 మిల్లీమీటర్లు దించితే బండి మొత్తం సుమారు 0.4 డిగ్రీ ముందుకు వాలుతుంది. స్టీరింగ్ అక్షం అంతమేర నిటారవుతుంది. ట్రెయిల్ రెండు మిల్లీమీటర్లకు పైగా తగ్గుతుంది. అంకె చిన్నదే. దానికి వెనక సస్పెన్షన్ ఎత్తు పెంచడం, వెడల్పు టైరు వేయడం తోడైతే ఇంజనీర్లు లెక్కగట్టిన జ్యామితి మిగలదు. ఆ తర్వాత వచ్చే వణుకును అణచడానికి డ్యాంపర్ కొనడం అంటే ఒక మార్పు తెచ్చిన తంటాకు ఇంకో మార్పును అప్పుగా తెచ్చుకోవడమే.

బరువు కంటే అది ఉన్న చోటు ముఖ్యం

అదనపు హంగుల విషయంలో ‘ఎంత బరువుంటుందిలే’ అన్న మాట తరచుగా వినిపిస్తుంది. స్టీరింగ్‌కు సంబంధించినంత వరకు బరువు కంటే అది అక్షానికి ఎంత దూరంలో ఉందన్నది ముఖ్యం. జడత్వ భ్రామకం దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మొబైల్‌తో కలిపి 400 గ్రాముల హోల్డర్‌ను స్టీరింగ్ అక్షానికి 10 సెంటీమీటర్ల దూరంలో బిగిస్తే దాని జడత్వ భ్రామకం 0.004 కిలోగ్రామ్ చదరపు మీటర్లు. హ్యాండిల్ రెండు చివర్లలో, అక్షానికి 35 సెంటీమీటర్ల దూరంలో, 250 గ్రాముల చొప్పున రెండు బరువులు పెడితే అది 0.06 దాటుతుంది. మొత్తం బరువు 100 గ్రాములే పెరిగింది, స్టీరింగ్ మీద ప్రభావం 15 రెట్లు పెరిగింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బార్ ఎండ్ బరువులను తీసేసి వాటి స్థానంలో చివరి అద్దాలు బిగించేవారికి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. మేలో కీడో బండిని బట్టి ఉంటుంది గానీ, మార్పు జరగలేదని మాత్రం అనుకోకూడదు.

హ్యాండిల్‌కు బిగించే విండ్ స్క్రీన్‌కూ ఫ్రేముకు బిగించే విండ్ స్క్రీన్‌కూ పెద్ద తేడా ఉంది. మొదటిదాని మీద పడే గాలి తోపు నేరుగా స్టీరింగ్‌ను చేరుతుంది. లారీని దాటేటప్పుడు తగిలే పక్క గాలి హ్యాండిల్‌ను కదిలిస్తుంది. రెండోదాని మీద పడేది ఫ్రేము భరిస్తుంది. టాప్ బాక్స్ సంగతి చూస్తే, వెనక ఇరుసుకు 30 సెంటీమీటర్లు వెనకగా 10 కిలోల పెట్టె పెట్టినప్పుడు ముందు చక్రం మీద భారం రెండు కిలోలకు పైగా తగ్గుతుంది. అదే సామాను ట్యాంకు మీది సంచిలో పెడితే ముందు చక్రం మీద భారం తగ్గదు సరికదా, పెరుగుతుంది. దూరప్రయాణాలు చేసేవారు బరువైన వస్తువులను బండి మధ్యకు దగ్గరగా, కిందికి సర్దుకోమని పెద్ద రైడర్లు చెప్పే మాటకు ఆధారం ఇదే.

కొన్ని హంగులు స్టీరింగ్‌తో సంబంధం లేకుండానే ఇబ్బంది తెస్తాయి. శక్తిమంతమైన ఇంజిన్ల కంపనాలు హ్యాండిల్ ద్వారా ఫోన్‌కు చేరితే, కెమెరాలో చిత్రం కదలకుండా చూసే వ్యవస్థ దెబ్బతినవచ్చని ఆపిల్ సంస్థ 2021లో తన వినియోగదారులను హెచ్చరించింది. 40 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు రెండు కలిపితే 12 వోల్టుల వద్ద ఆరున్నర ఆంపియర్లకు పైగా విద్యుత్తు లాగుతాయి. రిలే, తగిన ఫ్యూజు లేకుండా ఆ విద్యుత్తును హ్యాండిల్ మీది చిన్న స్విచ్చు గుండా పంపితే స్విచ్చు, తీగలు వేడెక్కుతాయి. ఎదురొచ్చేవారి కళ్లలో పడే వెలుతురు సంగతి చెప్పనక్కర్లేదు. ముందు ఫోర్కు దగ్గర ఏదైనా బిగించేటప్పుడు ఏబీఎస్ సెన్సార్ తీగ నలిగితే, 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నింటికీ తప్పనిసరి చేసిన ఒక భద్రతా ఏర్పాటు చేజేతులా పోగొట్టుకున్నట్టే.

బిగింపులో జరిగే తప్పులు

డ్యాంపర్ మంచిదైనా బిగింపు చెడ్డదైతే ప్రాణం మీదికి వస్తుంది. హ్యాండిల్‌ను ఒక చివర నుంచి ఇంకో చివరకు పూర్తిగా తిప్పినప్పుడు డ్యాంపర్ పిస్టన్ ఇంకా కొంత మిగిలి ఉండాలి. ఫ్రేము మీద ఉన్న ఆపుడు కంటే ముందే పిస్టన్ చివరికి తగిలితే, తిరగాల్సిన చోట హ్యాండిల్ తిరగదు. యూ టర్న్ మధ్యలో ఇది జరిగితే రైడర్ కింద పడటం ఖాయం. పొట్టి బ్రాకెట్టు, సన్నని బోల్టు వంగిపోవచ్చు. క్లచ్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు డ్యాంపర్‌కు చిక్కుకోవచ్చు. అందుకే ఫలానా మోడల్‌కంటూ తయారైన మౌంటు లేకుండా ‘అన్ని బండ్లకూ సరిపోతుంది’ అని అమ్మే కిట్టును నమ్మకూడదు.

ఫ్యాక్టరీ డ్యాంపర్ ఉన్న బండికి మెరుగైనది వేసుకునేవారు అసలు లాభం ఎక్కడుందో గ్రహించాలి. మంచి డ్యాంపర్ విలువ ఎక్కువ బిగువులో ఉండదు. సర్దుకునే వీలులో, వేడెక్కినా మారని పనితీరులో, మధ్యలో పట్టేయకుండా సాఫీగా కదలడంలో ఉంటుంది. బిగించాక అన్నింటికంటే వదులైన మెట్టుతో మొదలుపెట్టి, ఖాళీ స్థలంలో తక్కువ వేగంలో తిప్పి చూసి, అవసరమైతే ఒక్కో మెట్టు పెంచాలి. సీలు నుంచి నూనె కారుతున్న డ్యాంపర్‌ను, లోపల గాలి బుడగ చేరి కొంత దూరం ఖాళీగా కదిలే డ్యాంపర్‌ను వెంటనే తీసేయాలి. ఎలక్ట్రానిక్ డ్యాంపర్‌ను తీసి మామూలుది వేస్తే బండి కంప్యూటరు దాన్ని లోపంగా గుర్తించవచ్చు, వారంటీ కూడా ప్రశ్నార్థకమవుతుంది.

చట్టంలో ఉన్న ఖాళీ

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

చట్టం ఉద్దేశం సరైనదే. కానీ ఆర్‌సీలో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, రంగు, వీల్‌బేస్, బరువు వంటివి ఉంటాయి గానీ స్టీరింగ్ డ్యాంపర్ ప్రస్తావన ఉండదు. దాంతో ఏ హంగు చట్టబద్ధం, ఏది కాదు అన్నది రోడ్డు మీద ఆపిన అధికారి అవగాహనను బట్టి మారుతోంది. చెవులు చిల్లులు పడే సైలెన్సర్ బిగించినవాడూ, భద్రత కోసం నాణ్యమైన డ్యాంపర్ బిగించినవాడూ ఒకే గాటన పడుతున్నారు. మరోవైపు, లోపల నూనె ఉందో లేదో తెలియని నకిలీ డ్యాంపర్ అమ్మినవాణ్ని అడిగేవారు లేరు.

ఈ ఖాళీని నింపడానికి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. జర్మనీలో విడిగా అమ్మే వాహన భాగాలకు అక్కడి సమాఖ్య మోటారు రవాణా సంస్థ ఆమోద పత్రం ఇస్తుంది. ఏ భాగం ఏ మోడల్‌కు సరిపోతుందో అందులో రాసి ఉంటుంది. భారత్‌లోనే సీఎన్‌జీ కిట్ల విషయంలో ఈ పద్ధతి ఉంది. పరీక్షా సంస్థల ఆమోదం పొందిన కిట్టునే బిగించాలి, మార్పును ఆర్‌సీలో నమోదు చేయించాలి. స్టీరింగ్, బ్రేకులు, సస్పెన్షన్‌కు సంబంధించిన భాగాలకు ఇలాంటి ఏర్పాటే ఎందుకు ఉండకూడదు? పుణెలోని ఆరాయ్, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి పరీక్షా కేంద్రాలు దేశంలో ఉన్నాయి. ఇందోర్ దగ్గర పీతంపూర్‌లో 2021లో ప్రారంభించిన న్యాట్రాక్స్‌లో 11.3 కిలోమీటర్ల హై స్పీడ్ ట్రాక్ ఉంది. డ్యాంపర్‌ను యంత్రం మీద ఊపి, ఏ వేగంలో ఎంత బలం ఇస్తుందో గీత గీయడం ఈ సంస్థలకు పెద్ద పని కాదు.

దీనికి తోడు మూడు చిన్న పనులు జరగాలి. మొదటిది, డ్యాంపర్ పెట్టె మీద నిరోధ బలం, పిస్టన్ పొడవు, సరిపోయే మోడళ్లు ముద్రించడాన్ని తప్పనిసరి చేయడం. రెండోది, తయారీ సంస్థలు ప్రతి మోడల్‌కూ అనుమతించే అదనపు భాగాల జాబితాను, హ్యాండిల్ మీద, వెనక క్యారియర్ మీద ఎంత బరువు పెట్టవచ్చో, అదనపు లైట్లకు ఎంత విద్యుత్తు మిగులుతుందో యజమాని పుస్తకంలో స్పష్టంగా రాయడం. మూడోది, ఐటీఐల్లో చదివే మెకానిక్ విద్యార్థులకు విడిభాగాల మార్పిడితో పాటు వాహన స్థిరత్వం గురించి కూడా పాఠం చెప్పడం. బజారులో పనిచేసే మెకానిక్‌కు వణుకు ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే, డ్యాంపర్ అమ్మడానికి ముందు కోన్ సెట్ చూస్తాడు.

రోడ్ల మీది నింద చాలదు

భారత రోడ్లే గతుకులమయం కాబట్టి ప్రతి స్పోర్ట్స్ బైకుకూ డ్యాంపర్ ఉండాల్సిందే అని వాదించేవారున్నారు. ఈ వాదనలో కొంత నిజం లేకపోలేదు. వేగంలో తేలికైన ముందు చక్రానికి గతుకు తగలడమే వాబుల్‌కు ఆరంభం. అయితే గతుకుల రోడ్డు మీద రైడర్‌కు కావాల్సింది హ్యాండిల్‌ను చటుక్కున తిప్పి గుంతను తప్పించుకునే వీలు. బిగువైన డ్యాంపర్ దానికే అడ్డుపడుతుంది. పైగా ముందు చక్రం గాల్లోకి లేచేంత త్వరణం వాడాల్సిన చోటు పబ్లిక్ రోడ్డు కాదు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరు కరి, నోయిడా దగ్గరి బుద్ధ ట్రాకులు అందుకే ఉన్నాయి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలను అసలు రానివ్వకపోవడానికి కారణమూ అక్కడి వేగాలే. ట్రాక్ కోసం తయారైన పరికరాన్ని రోడ్డుకు తెచ్చినంత మాత్రాన రోడ్డు ట్రాక్ కాదు.

సంస్థలు ఖర్చు తగ్గించుకోవడానికే చిన్న బండ్లకు డ్యాంపర్ ఇవ్వడం లేదన్నది ఇంకో వాదన. అదే నిజమైతే దాన్ని తేల్చే మార్గం పరీక్షే. ఫలానా మోడల్ ఫలానా వేగంలో ఎంత త్వరగా వణుకును అణచుకుంటుందో కొలిచి ప్రకటించమని వినియోగదారులు, రైడర్ల సంఘాలు సంస్థలను అడగాలి. ఆ అడగడానికి డ్యాంపర్ కొనేంత డబ్బు కూడా అక్కర్లేదు.

అప్పటిదాకా బండి యజమాని చేతిలో ఉన్నది ఒక వరుస. టైరు గాలి, చక్రాలు, కోన్ సెట్, సస్పెన్షన్, సామాను సర్దుబాటు ముందు చూసుకోవాలి. చేసిన మార్పులను ఒక్కొక్కటిగా తీసేసి బండి ఎలా నడుస్తుందో గమనించాలి. అన్నీ సరిగ్గా ఉండి కూడా వణుకు మిగిలితే అధీకృత సర్వీసు కేంద్రానికి చూపించి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అలాంటి ఫిర్యాదులు పేరుకుంటేనే తయారీ లోపాలు బయటికి వస్తాయి. డ్యాంపర్ వంతు ఆ తర్వాత వస్తుంది. అప్పుడు కూడా ఆ మోడల్ కోసమే తయారైనదాన్ని, పని తెలిసిన మెకానిక్ చేత, తక్కువ బిగువుతో బిగించుకోవాలి.